ఏడుపు విని కదిలిన సేన

మెలాంద్ర రాజ్యం పెరుగుతోంది. రాజ్యం పెరగడమంటే సింహాసనం మీద కూర్చుని వినేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చట ఏపాటిదో, దాన్ని కాళ్ళతో నడిచి పెంచేవాణ్ణి అడగాలి.

ఒకప్పుడది సముద్రం ఒడ్డున ఆలివు తోటల నడుమ ఒదిగి ఉన్న చిన్న యవన రాజ్యం. తక్కిన యవన రాజులందరూ తూర్పు దేశాల మీద పడితే, మెలాంద్ర రాజు మాత్రం ఉత్తరానికి తిరిగి త్రాక దేశం మీద కన్నేశాడు. ఒక నది దాటితే ఇంకో నది. ఒక లోయ గెలిస్తే దాని వెనక ఇంకో లోయ. ఇదే ఆఖరిది, దీని తరవాత ఇంటికే అని ప్రతి లోయ దగ్గరా సైనికులకి చెప్పారు. మొదట్లో వాళ్ళు నమ్మారు. తరవాత నమ్మినట్టు నటించారు. ఇప్పుడు నటించే ఓపిక కూడా పోయింది.

ఆ సేనకి దుబాసీ మన లైకాను. ఓడరేవులో పుట్టినవాడు. తెడ్లు వేసే త్రాకుల మధ్య ఆడుకుని పెరిగాడు గనక వాళ్ళ భాష నోటికొచ్చింది. ఆచారాలు మాత్రం రాలేదు. ఓడల్లో ఆచారాలెవడు పాటిస్తాడు గనక! ఈ ఒక్క లోటు అతని ప్రాణం మీదికి ఎలా తెచ్చిందో చూడండి.

త్రాక దేశంలో ఇంక మిగిలింది జెరన కోట. హీమ పర్వతాల కొసన ఉంది. త్రౌసులనే కొండజాతి వాళ్ళది. దాని దొర ముకపోరు, యవన సేనాని థెరాంద్రుడు కొండ దిగువ రాతి వంతెన మీద ఎదురెదురుగా నిలబడి ప్రమాణాలు చేసుకున్నారు. ముకపోరు గానీ అతని వంశంలో ఒక్కడు గానీ బతికి ఉన్నంతకాలం యవనులు ఆయుధం పట్టి వంతెన దాటరు. వంశం అంతరిస్తే కోట మెలాంద్రానిది. సముద్రదేవుడి మీద చేసిన ప్రమాణం అది. తప్పితే సముద్రం తమని ఇంటికి చేర్చదని సైనికులందరికీ భయం. ఆ రోజున ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చెప్పింది లైకానే.

ముకపోరు కొడుకులు యుద్ధంలో పోయారు. ముసలిదొర చూపు పోయి మంచం పట్టాడు. ఇంక కాచుకు కూర్చుంటే చాలు. కానీ మంచు పడితే దారులు మూసుకుపోతాయి, థెరాంద్రుడికి అంత ఓపిక లేదు.

"ఒరే లైకానూ, ఉప్పు బస్తా నెత్తిన పెట్టుకుని కోటలోకి పో," అన్నాడు. "ఉప్పంటే ఆ కొండవాళ్ళు ప్రాణం పెడతారు. ముసలాడు పోగానే కోటంతా ఘొల్లుమంటుంది. ఆ ఏడుపు మాకు కిందికి వినిపిస్తుంది. వెంటనే కదుల్తాం. నువ్వు లోపలినుంచి తలుపు గడియ తీసెయ్. అంతే నీ పని."

"ఆ తరవాత, ప్రభూ?"

"ఆ తరవాత ఓడెక్కి ఇంటికి పో. మళ్ళీ నిన్ను పిలిస్తే నన్ను నానా మాటలూ అను, పడతాను."

ఇల్లనే మాట వినబడితే చాలు, ఆ రోజుల్లో లైకాను పులి నోట్లోనైనా తల పెట్టేవాడు. అతనికి పెద్ద కోరికలేం లేవు. ఒడ్డున కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్ళు సముద్రంలో పెట్టుకుని ఎవరూ లేపకుండా కునుకు తియ్యాలి. అంతే.

ముంజేతుల మీద నీలిరంగుతో త్రౌసుల పచ్చబొట్లు గీసుకున్నాడు. నక్కతోలు టోపీ పెట్టుకున్నాడు. బస్తా ఎత్తుకుని మధ్యాహ్నానికల్లా వంతెన దాటాడు.

అబ్బ, ఆ దారి! ఒక పక్క కత్తితో కోసినట్టు నిలబడ్డ నల్లరాతి గోడ, దాని పగుళ్ళలోంచి వేలాడే ఎర్రటి తీగలు, ఆ తీగల మీద ఎండ పడి మెరిసే మంచు బొట్లు. రెండో పక్క అడుగు కనబడని అగాధం. కింద ఎక్కడో నది రొద పెడుతోంది. తెల్లటి పొగమంచు ఆ లోతులోంచి లేచి దేవదారు కొమ్మలకి చుట్టుకుంటోంది. దేవతలు తిరగాల్సిన చోటు. మోకాళ్ళు నొప్పులు పెట్టే మనిషికి మాత్రం అదంతా ఎక్కుడే.

మలుపు తిరిగాడో లేదో, నేల అదిరింది. ఎదురుగా దున్న! మామూలు దున్న కాదు. నుదుటి మీద మూడో కొమ్ము, ముక్కుల్లోంచి పొగ. కోటలోని మంత్రగత్తె బెందవ్వ దారికి కాపలా పెట్టిన జంతువది. అది తల దించింది. లైకాను వెనక్కి తిరిగి పరుగు తీశాడు. గిట్టల చప్పుడు వీపు మీదికి వచ్చేసింది. బస్తాని చంకలోకి లాక్కుని రాతిగోడకి అతుక్కుపోయాడు. మూడో కొమ్ము అతని చంకకింద బస్తాని చీల్చుకుంటూ రాతికి తగిలి నిప్పులు రాల్చింది. బస్తాలోంచి ఉప్పు జలజలా కారింది.

దున్న ఆగిపోయింది. ముక్కుపుటాలు ఎగరేసింది. నాలుక బయటపెట్టి ఉప్పు నాకింది. ఇంకోసారి నాకింది. అంత భయంకరమైన జంతువూ ఇంటి గేదెలా కళ్ళు అరమోడ్చి నిలబడిపోయింది. లైకాను ఇంకో రెండు గుప్పిళ్ళు దాని ముందు పోసి, దాని పొట్టకింద నుంచి పాక్కుంటూ అవతలికి జారుకున్నాడు. బస్తాలో ఉప్పు సగమైంది. ఒంట్లో ప్రాణం కూడా అంతే మిగిలింది.

ఎట్టకేలకి కోట తలుపు దగ్గరికి చేరి ఊపిరి పీల్చుకుంటుంటే వినబడింది. ఏడుపు! ఒకరిది కాదు, ఇద్దరిది కాదు, కోట కోటంతా గుండెలు బాదుకుని ఏడుస్తోంది.

కావలివాడు కూడా ముక్కు చీదుకుంటూనే తలుపు తీశాడు.

"ఉప్పా? బస్తా అక్కడ పడేసి లోపలికి నడువయ్యా. ఇయ్యాల ఈ గుమ్మం తొక్కినోడు ఎవడైనా పోయి ఏడవాల్సిందే."

పోయాడు ముసలిదొర! లైకాను గుండె ఒక్కసారి తేలికైంది. కళ్ళముందు సముద్రం మెరిసింది. తలుపుకి అడ్డంగా ఉన్న గడియ దుంగని ఒకసారి చూసుకున్నాడు. కావలివాడు పక్కనే ఉన్నాడు గనక, ముందు లోపలికి వెళ్ళి ఒక మూల నిలబడి, జనం ఏడుపులో మునిగాక జారుకుందామనుకున్నాడు.

దొర కొలువుగదిలో దూలాల నిండా జింక కొమ్ములు. గోడలకి దానిమ్మ రంగు ఉన్ని తెరలు. గుర్రపు తలల ఆకారంలో పోతపోసిన వెండి కొమ్ముపాత్రలు వరసగా వేలాడుతున్నాయి. మధ్యలో రాగికుండ. అందులో మంత్రపు మూలికలు రగులుతూ నీలిపొగ చిమ్ముతున్నాయి. ఆ పొగ పక్కన మంచం మీద ముకపోరు పడుకుని ఉన్నాడు. చావలేదు. ఎముకల మీద చర్మం కప్పినట్టున్నా ఊపిరి తీస్తున్నాడు!

మంచం పక్కన అతని చిన్నకోడలు జియ గోడకి ఆనుకుని కూర్చుంది. భర్త పోయేనాటికి ఆమె కడుపుతో ఉందన్న సంగతి కొండ కింద ఎవరికీ తెలియదు. ఆమె ఒళ్ళో ఎర్రటి పసిగుడ్డు. చుట్టూ చేరినవాళ్ళందరూ ఆ పసివాణ్ణి చూసే ఏడుస్తున్నారు.

ఎన్నాళ్ళయిందో లైకాను పసిబిడ్డని చూసి. దారి పొడుగునా చూసింది ఖాళీ ఊళ్ళూ, ఆరిన పొయ్యిలూ. ఆ చిన్న పిడికిలి గాలిలో ఆడటం చూసేసరికి తనెవరో, ఎందుకొచ్చాడో మరిచిపోయాడు. మొహం నిండా నవ్వేశాడు.

"ఎంత ముద్దుగా ఉన్నాడమ్మా! నూరేళ్ళు చల్లగా బతకాలి."

ఏడుపు టక్కున ఆగింది.

"నవ్వాడే!" అని ఒకామె కెవ్వుమంది. "పురిటిబిడ్డ మొహాన నవ్వాడే, నాశనమైపోనూ!"

రెండు ఈటెలు లైకాను మెడకి ఆనాయి. రాగికుండ దగ్గర కూర్చున్న బెందవ్వ లేచి వచ్చింది. నెరిసిన జుట్టు నేలమీద జీరాడుతోంది. అతని ముంజెయ్యి పట్టుకుని ఉమ్ముతో తడిపి రుద్దింది. నీలిరంగు చెరిగింది.

"అనుకున్నా," అంది. "నువ్వు మావోడివి కాదు. మేం పుట్టినోణ్ణి చూసి ఏడుస్తామయ్యా, ఈ నేలమీద ఏమేం పడాలో పాపం అని. పోయినోణ్ణి చూసి నవ్వుతాం, పడాల్సినయ్యన్నీ పడేసి హాయిగా పోయాడని. నువ్వు బిడ్డని చూసి నవ్వావంటే వాడు పోవాలని కోరావు."

"అయ్యో, అవ్వా! నా మనసులో అలాంటిదేం లేదు."

"ఉన్నా లేకున్నా కీడు కీడే. పెట్టినోడే దింపాల. వాడి పక్కన కూచో. వాడికి రాబోయే కష్టం ఒకటి వాడి చెవిలో చెప్పి ఏడువు. కళ్ళనీళ్ళు రాకపోయినయ్యో, ఈటెలు ఊరుకోవు."

లైకాను ఏడ్చి ఏళ్ళు గడిచాయి. తోటివాళ్ళు పక్కన పడిపోయినా కళ్ళు తడవలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా. బిడ్డ పక్కన కూలబడ్డాడు. తోచింది తనకి తెలిసిందొక్కటే.

"నాయనా, నిన్ను నడిపిస్తారురా," అన్నాడు. "ఎందుకో చెప్పరు. ఈ కొండ ఒక్కటే అంటారు. అది ఎక్కాక ఇంకోటి చూపిస్తారు. నీ పక్కన నడిచినవాడు పడిపోతాడు, ఆగనివ్వరు. వాడి పేరు కొన్నాళ్ళు గుర్తుంటుంది. తరవాత అదీ మరిచిపోతావు. ఇంటికి పోదామనిపిస్తుంది. ఇల్లు ఏ పక్కనుందో కూడా తెలీదు. అలిసిపోతావురా, తండ్రీ. పడుకుంటే తీరే అలసట కాదు..."

వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ళదీ ఒక్కసారే వచ్చింది. ఈటెలు పట్టుకున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. జియ అతనివైపు చూసి, బిడ్డని కాస్త అతనికి దగ్గరగా జరిపింది.

మంచం మీది నుంచి ముకపోరు గొంతు పలికింది. "ఈ గొంతు నాకు తెలుసు. వంతెన మీద యవనుల మాట నాకు చెప్పింది నువ్వే. అవునా?"

"అవును, దొరా."

"ఏం పనిమీద పంపారు?"

ఆ బిడ్డ పక్కన కూర్చుని అబద్ధం చెప్పడం లైకాను వల్ల కాలేదు. "మీరు పోతే కోటలో ఏడుపు వినబడుతుందని, అది విని సేన కదులుతుందని, నేను గడియ తియ్యాలని," అన్నాడు. ఆ మాట తన నోటితో అన్నాకే సంగతి తలకెక్కింది. ఉలిక్కిపడి లేచాడు. "దొరా! ఏడుపు కిందికి వినబడే ఉంటుంది!"

అన్నంత సేపు పట్టలేదు, కొండ దిగువన యవనుల కొమ్ముబూర మోగింది. కావలివాడు పరుగెత్తుకొచ్చాడు. "దొరా, వంతెన దాటేశారు! పొగమంచులో మనుషులు అగుపడటం లేదు. ఈటెల చప్పుడొకటే ఇనిపిస్తోంది. ఆ దున్న అడ్డం పోకుండా దారిలో ఉప్పు నాకుతా నిలబడింది!"

లైకాను తల పట్టుకున్నాడు. ఆ ఉప్పు పోసింది ఎవరు మరి!

"వారసుడు పుట్టాడని కేకేసి చెప్పండి," అంది జియ.

"పేరు పెట్టని బిడ్డ మా చట్టంలో మనిషే కాదమ్మా," అన్నాడు లైకాను. "మీ చట్టంలోనూ అంతేనని వంతెన మీద ప్రమాణాలప్పుడు విన్నాను. పేరు పెట్టడానికి ఇంకా రోజులున్నాయి. ఈలోపల థెరాంద్రుడు ఈ గదిలోకొస్తే బిడ్డ ఉండడు. బిడ్డ పుట్టిన సంగతే ఉండదు. దొర బతికే ఉన్నాడని వాళ్ళకి తెలియాలి. తెలిస్తే సైనికులు అడుగు వెయ్యరు."

"ఈయన్ని ఇక్కణ్ణించి కదిపితే పోతాడు," అంది బెందవ్వ. "ఈ కుండలో నిప్పు ఉన్నంతసేపే ఊపిరి. మనవణ్ణి చూసేదాకా అని నిలబెట్టా. మూలికలు కూడా అయిపోవచ్చినయ్."

"అయితే నవ్వండి!" అని అరిచాడు లైకాను. "డప్పులు కొట్టండి, పాడండి, నవ్వండి! కోటలో పండగ జరుగుతోందనుకుంటారు. మా వాళ్ళకి నవ్వంటే సంతోషమే. ఇంకో అర్థం తెలీదు."

జియ బిడ్డని గుండెలకి హత్తుకుంది. "వద్దు! పురిటిరోజున కోటంతా నవ్వితే నా బిడ్డ తెల్లారేదాకా ఉంటాడా? ఒక్కడు నవ్వినందుకే ఇంత ఏడిపించాం నిన్ను. నా గొంతు కోసినా ఒప్పుకోను."

బూర మళ్ళీ మోగింది, ఇంకా దగ్గరలో. కత్తితో త్రౌసులని చంపొచ్చు గానీ నవ్వించలేరు.

అప్పుడు ముకపోరు నెమ్మదిగా నవ్వాడు.

"పిచ్చిదానా," అన్నాడు కోడలితో. "నవ్వడానికి ఒక చావు కావాలి, అంతేగా. దానికేం కొరత! ఈ ముసలి ఒళ్ళు మోసి మోసి విసుగెత్తిపోయింది. బిడ్డని ఉన్ని గదిలోకి తీసుకుపొండి. తలుపులు మూసి తెరలు దించండి. నవ్వు సోకకూడదు వాడికి." తరవాత గుడ్డికళ్ళు లైకానువైపు తిప్పాడు. "దుబాసీ, వాడికి పేరు పెట్టేదాకా నేను బతికున్నట్టే లెక్క. ఆ లెక్క నీ చేతుల్లో పెడుతున్నా. మోస్తావా?"

"నేను అలిసిపోయాను, దొరా," అన్నాడు లైకాను. అది నిజం. "అయినా మోస్తాను. వీడి మీదనుంచి నడిచి ఇంటికి పోవడం నావల్ల కాదు."

ముసలిదొర చెయ్యి చాచాడు. బెందవ్వ నిండు ద్రాక్షసారా కొమ్ముపాత్ర అందించింది. సగం తాగి, మిగతాది రాగికుండలో ఒంపేశాడు. నిప్పు చుయ్యిమని ఆరింది. నీలిపొగ దూలాల దాకా లేచి, జింక కొమ్ములని ఒకసారి చుట్టి మాయమైంది. ముకపోరు తల పక్కకి వాలింది.

బెందవ్వ ముందుగా నవ్వింది. తరవాత జియ. తండ్రికన్నా ఎక్కువగా చూసుకున్న మామగారు! ఆమె చెంపల మీద నీళ్ళు కారుతుంటే గట్టిగా, గొంతు చించుకుని నవ్వింది. కావలివాడు నవ్వాడు. డప్పులు మోగాయి. పిల్లనగ్రోవులు లేచాయి. "పోయాడు! గెలిచి పోయాడు! ఇంక మోకాళ్ళ నొప్పుల్లేవు! ఇంక యవనుల్లేరు!" అని పాడుతూ త్రౌసులు చిందులేశారు. కోట గోడలు ఆ నవ్వుకి దద్దరిల్లాయి.

తలుపు అవతల ఈటెల చప్పుడు ఆగింది. లైకాను తలుపు పగులుకి చెవి ఆనించాడు. పొగమంచులో యవన సైనికులు గుసగుసలాడుకుంటున్నారు.

"ఏడుపన్నారు, నవ్వుతున్నారేంట్రా?"

"ముసలాడు లేచి కూర్చున్నట్టున్నాడు. ఒరే, ప్రమాణం తప్పాంరా మనం. సముద్రం మనల్ని మింగేస్తుంది!"

ఈటెలు కిందపడుతున్న చప్పుడు. "కదలండి!" అని థెరాంద్రుడు అరుస్తున్నాడు. ఎవడూ కదలటం లేదు.

లోపల బెందవ్వ ముకపోరు మొహం మీద బంగారు ముసుగు పెట్టబోయింది. త్రౌసుల దొరలు పరాయివాళ్ళ ముందుకి ఆ ముసుగుతోనే వస్తారు. మట్టిలోకీ దానితోనే పోతారు. యవనుల్లో ఎవడూ ముకపోరు మొహం చూసి ఎరగడు. ఆమె ఒక్క క్షణం ఆగి, ముసుగుని లైకాను చేతుల్లో పెట్టింది.

"పెట్టుకో. పొగమంచు విచ్చుకుంటోంది. దొరని చూపించమంటారు."

ముసుగు చల్లగా ఉంది. బరువుగా ఉంది. ఎవరో తోడేలుతోలు కప్పారు. ఎవరో గద చేతికిచ్చారు. లైకాను గోడ మెట్లెక్కాడు. మోకాళ్ళు యథాప్రకారం మూలిగాయి.

పశ్చిమాన మంచు చీలి, పొద్దు వాలే వెలుగు కోటగోడ మీద పడింది. బంగారు మొహం ధగధగ మెరిసింది. కింద సేనంతా ఒక్కసారి మోకాళ్ళ మీద కూలబడింది. థెరాంద్రుడి మొహంలో రక్తం ఇంకిపోయింది. కానీ సేనానులు అంత తొందరగా ఓడిపోరు కదా. క్షణంలో తేరుకున్నాడు. పక్కన ఒక వంటవాణ్ణి దుబాసీగా నిలబెట్టాడు. వాడికొచ్చిన త్రౌస భాష గొర్రెల బేరం దాకానే.

"దొరా! మేం ప్రమాణం తప్పలేదు," అని థెరాంద్రుడు యవన భాషలో గొంతెత్తాడు. "మా దుబాసీ ఒకడు, ద్రోహి, పారిపోయి నీ కోటలో దూరాడు. వాడికోసమే వంతెన దాటాం. రేపు పొద్దెక్కేసరికి వాడి తల గోడ మీదినుంచి విసిరెయ్. ఇలా వచ్చినవాళ్ళం అలా వెనక్కి పోతాం. లేదా నువ్వే ద్రోహిని దాచి ప్రమాణం తప్పినట్టు. అప్పుడు మా సైనికులకి ఏ భయమూ ఉండదు."

వంటవాడు చేతులు నలుపుకుంటూ త్రౌస భాషలో అరిచాడు. "తల! దుబాసీ తల! ఇయ్యి! పోతాం!"

ఇల్లు, ఓడ, ఒడ్డున కునుకు, అన్నీ ఇస్తానన్న మనిషే ఆ కింద నిలబడి ఉన్నాడు. ఉన్ని గదిలో పేరు లేని బిడ్డ పడుకుని ఉన్నాడు. బంగారం వెనక లైకానుకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. పొట్ట పట్టుకుని, కొండలు మారుమోగేలా నవ్వాడు. అది పోయినవాళ్ళ కోసం త్రౌసులు నవ్వే నవ్వని కోటలో వాళ్ళకి తెలుసు. వాళ్ళూ అందుకున్నారు. కింద యవన సైనికులు దొర సంతోషించాడనుకుని, హమ్మయ్య అని తామూ నవ్వారు.

నవ్వు అయ్యాక లైకాను కళ్ళు మూసుకుని ఒక్క గుక్క ఊపిరి తీసుకున్నాడు. ఆ తరవాత, సరే, దుబాసీ తల ఇస్తానన్నట్టు, బంగారు తల నిదానంగా ఊపాడు.